పార్ట్‌నర్‌కు ముందు ఏం చెప్పాలి?

ఇస్పేట్లలో రాజు, తొమ్మిది, ఆరు, నాలుగు. ఆఠీన్లలో రాణి, ఎనిమిది, మూడు. డైమన్లలో రాజు, ఏడు, అయిదు, రెండు. కళావర్లలో ఎనిమిది, నాలుగు. గొప్ప చేయి కాదు, పారేయాల్సిన చేయీ కాదు. బ్రిడ్జ్ ఆడేవాళ్లకు ఒక్క సాయంత్రంలో ఇలాంటివి రెండు మూడైనా పడతాయి. ఎదురుగా కూర్చున్న పార్ట్‌నర్ ‘ఒక ఆఠీను’ అని వేలం మొదలుపెట్టారు. మధ్యలో ఉన్న ప్రత్యర్థి పాస్ అన్నారు. ఇప్పుడు మీ వంతు. ‘రెండు ఆఠీన్లు’ అని పార్ట్‌నర్ సూట్‌కు మద్దతు పలకొచ్చు. ‘ఒక ఇస్పేటు’ అని మీ సొంత సూట్ చూపించొచ్చు. రెండూ నిబంధనలకు లోబడినవే, రెండిటికీ పుస్తకాల్లో సమర్థన దొరుకుతుంది. అయినా ఈ చేతికి ‘రెండు ఆఠీన్లు’ అనడమే సరైనదని నా వాదన. అందుకు కారణాన్ని పట్టుకుంటే వేలంలో ఇలాంటి చిక్కులు చాలా వాటికవే విడిపోతాయి.

బ్రిడ్జ్ తెలియనివారి కోసం రెండు మాటలు. నలుగురు, రెండు జోడీలు, తలా పదమూడు ముక్కలు. ఎవరి సూట్ తురుపు కావాలి, ఎన్ని ట్రిక్కులు (నలుగురూ తలో ముక్క వేసే పట్లు) గెలుస్తామని పందెం కట్టాలి అన్నది ముందు వేలంలో తేలుతుంది, ఆ తర్వాతే ఆట. ‘ఒక’ అంటే ఆరుకు ఒకటి కలిపి ఏడు ట్రిక్కులు, ‘నాలుగు’ అంటే పది. చేతి బలాన్ని పాయింట్లలో కొలుస్తారు: ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. పై చేతిలో 8 పాయింట్లున్నాయి. పోటీల్లో పంచిన ముక్కలనే చెదరకుండా దాచి అన్ని బల్లల మీదా ఆడిస్తారు కాబట్టి మంచి ముక్కలు పడ్డాయన్న సాకు అక్కడ చెల్లదు. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడ్డ ఆటగా తేల్చింది. రమ్మీలోని అదృష్టం బ్రిడ్జ్‌లో ముక్కలు పంచినప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని ఆ తీర్పులో పోల్చి చెప్పింది కూడా. పోటీ బ్రిడ్జ్‌లో ఆ కాస్త అదృష్టాన్నీ చాలావరకు తీసేశారు. మిగిలేది జోడీ మధ్య అవగాహన. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జోడీ విభాగంలో బంగారు పతకం తెచ్చినప్పుడు ప్రణబ్ బర్ధన్‌కు 60 ఏళ్లు, శివనాథ్ సర్కార్‌కు 56 ఏళ్లు. ఇది కండబలం ఆట కాదు, ఇద్దరు ఒకరి మాట ఒకరు పొల్లు పోకుండా అర్థం చేసుకునే ఆట.

ఆ మాటలు మరీ తక్కువ. ‘ఒక కళావరు’ నుంచి ‘ఏడు నో ట్రంప్స్’ (నో ట్రంప్ అంటే తురుపు లేని ఆట) దాకా 35 బిడ్లు, వాటికి పాస్, డబుల్, రీడబుల్ కలిపితే 38. ఒక మనిషి చేతిలో పడగల పదమూడు ముక్కల కూర్పులేమో 63,501 కోట్లకు పైమాటే. 38 మాటలతో అన్ని చేతులను వర్ణించడం ఎలాగూ కుదరదు. అంతకంటే పెద్ద ఇబ్బంది మరొకటుంది: బలహీనమైన చేతికి ఆ 38లో ఒకటే దక్కుతుంది. 6 నుంచి 9 పాయింట్ల చేతితో ఒకసారి నోరు విప్పాక రెండోసారి స్వేచ్ఛగా మాట్లాడే హక్కు దాదాపు ఉండదు. అందుకే మద్దతా, సొంత సూటా అన్న ప్రశ్నను ‘నా చేతిలో ఏది అందంగా ఉంది’ అని వేసుకోకూడదు. ‘ఈ చేతితో నేను ఎన్నిసార్లు మాట్లాడగలను’ అని వేసుకోవాలి. ఒక్కసారే అయితే, పార్ట్‌నర్ నిర్ణయానికి అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చే సంగతే చెప్పాలి. ఆ సంగతి, నూటికి తొంభై సందర్భాల్లో, ‘మీ సూట్‌లో నాకు మూడు ముక్కలున్నాయి’ అన్నదే.

ఒక ఇస్పేటు అన్నామనుకుందాం. ప్రత్యర్థులు నోరెత్తకపోయినా ఇబ్బంది తప్పదు. పార్ట్‌నర్ ‘రెండు డైమన్లు’ అంటారు, మీరు ఇప్పుడు తీరిగ్గా ‘రెండు ఆఠీన్లు’ అంటారు. మీ దృష్టిలో అది మద్దతు. పార్ట్‌నర్ చెవికి మాత్రం అలా వినపడదు. రెండు సూట్లలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పక, రెండే రెండు ఆఠీన్లున్నా ఇదే బిడ్ వేస్తారు. ఈ ఆటలో అది మామూలే. కాబట్టి 16 పాయింట్లు పట్టుకుని కూర్చున్న పార్ట్‌నర్ తన అయిదూ మీ రెండూ కలిపి ఏడు తురుపు ముక్కలే ఉన్నాయేమోనని అక్కడే ఆగిపోతారు. అదే మీరు మొదటే ‘రెండు ఆఠీన్లు’ అని ఉంటే, ఎనిమిది ముక్కలు ఖాయమని తెలిసి, తన చేతిలోని పొట్టి సూట్ల విలువ పెంచుకుని, నాలుగు ఆఠీన్ల దాకా వెళ్లేవారు. వల్నరబుల్‌గా (బోనస్సూ జరిమానా రెండూ పెరిగే స్థితిలో) ఉన్నప్పుడు పది ట్రిక్కులు రెండు ఆఠీన్ల కాంట్రాక్టులో వస్తే 170, నాలుగు ఆఠీన్లలో వస్తే 620. 450 తేడా జట్ల పోటీలో 10 ఐఎంపీలు (ఆ పోటీల్లో స్కోరు లెక్కించే పాయింట్లు). ఒక్క చేతిలో అంత పోతే కోలుకోవడం కష్టం. అవే ముక్కలు, అవే పది ట్రిక్కులు. మారింది మొదటి మాట ఒక్కటే.

ప్రత్యర్థులు వేలంలోకి దిగితే నష్టం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ఇస్పేటు తర్వాత ఎడమ వైపు ఆటగాడు ‘రెండు కళావర్లు’ అంటాడు. పార్ట్‌నర్ పాస్. కుడివైపు ఆయన ‘మూడు కళావర్లు’. వేలం తిరిగి మీ దగ్గరకొచ్చేసరికి మూడో అంతస్తులో ఉంది. పార్ట్‌నర్‌కు మీ మూడు ఆఠీన్ల ముచ్చట ఇంకా తెలియదు. ఇప్పుడు చెప్పాలంటే 8 పాయింట్లతో తొమ్మిది ట్రిక్కుల పందెం ఒంటరిగా కట్టాలి. చెప్పకపోతే ప్రత్యర్థులకు ఆ చేయి వదిలేయాలి. రెండూ గుడ్డి నిర్ణయాలే. మొదటే మద్దతు పలికి ఉంటే ఆ ‘మూడు కళావర్ల’ మీద ఏం చేయాలన్నది పార్ట్‌నర్ తేల్చేవారు. ఆరో ఆఠీను ఉందో లేదో, కళావర్లు ఒకటే ఉన్నాయో మూడున్నాయో ఎరిగింది ఆయనే కదా. పైగా ‘రెండు ఆఠీన్లు’ ప్రత్యర్థుల దారికి అడ్డం కూడా. ఒక ఇస్పేటు మీద రెండు కళావర్లు, రెండు డైమన్లు చవగ్గా చెప్పేసే ఆటగాడు, రెండు ఆఠీన్ల మీద తన కళావర్లు చెప్పాలంటే మూడో అంతస్తుకు ఎక్కాలి. 11 పాయింట్లున్న చాలామంది అక్కడ తటపటాయిస్తారు. మద్దతు పార్ట్‌నర్‌కు సమాచారం ఇస్తూనే అవతలివాళ్ల మాటల్లోంచి నాలుగింటిని లాగేసుకుంటుంది: ఒక ఇస్పేటు, ఒక నో ట్రంప్, రెండు కళావర్లు, రెండు డైమన్లు.

ఈ వాదనకు గణితం తోడుంది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ రెనె వెర్న్ ప్రపంచ పోటీల్లో ఆడిన చేతులను పరిశీలించి ఒక సూత్రం చెప్పాడు. 1969లో అమెరికా పత్రిక ‘ది బ్రిడ్జ్ వరల్డ్’లో అది ఇంగ్లీషు పాఠకులకు చేరింది: ఇరుపక్షాలూ తమ తమ మంచి సూట్‌ను తురుపుగా ఆడితే వచ్చే మొత్తం ట్రిక్కులు, ఆ రెండు పక్షాల తురుపు ముక్కల మొత్తానికి సుమారు సమానం. 1992లో ల్యారీ కోహెన్ రాసిన పుస్తకంతో ఇది క్లబ్బు ఆటగాళ్ల నోళ్లలోకీ వచ్చింది. జోడీకి ఎనిమిది తురుపు ముక్కలుంటే ఎనిమిది ట్రిక్కుల దాకా, తొమ్మిదుంటే తొమ్మిది దాకా పోటీ పడమన్నది దాని ఆచరణ రూపం. ఈ సూత్రాన్ని వాడాలంటే మన ముక్కలు ఎన్నో ఇద్దరికీ తెలియాలి. సొంత సూట్ చూపించే బిడ్ ఆ లెక్క చెప్పదు, మద్దతు చెబుతుంది. దీన్ని ఒప్పుకోనివారూ గట్టివారే. మైక్ లారెన్స్, ఆండర్స్ విర్‌గ్రెన్ 2004లో పుస్తకమే రాసి, తురుపు ముక్కల మొత్తం కంటే పొట్టి సూట్లూ, పనికొచ్చే చోట ఉన్న పాయింట్లూ ట్రిక్కులను బాగా అంచనా వేస్తాయని వాదించారు. వాళ్ల విమర్శలో చాలా నిజముంది. కానీ అది నా వాదనకు అడ్డం రాదు. పొట్టి సూట్‌కు విలువ వచ్చేదే తురుపు ఏదో తేలాక. నాలుగు ఆఠీన్ల మద్దతున్న చేతిలో ఒంటరి కళావరు ఉంటే, చార్లెస్ గోరెన్ నాటి నుంచీ దానికి 3 పాయింట్లు కలుపుతున్నారు. తురుపు తేలకముందు అదే ఒంటరి కళావరు ఉత్త లోటు. ఏ లెక్క నమ్మినా, లెక్క మొదలు కావడానికి ముందు సూట్ కుదిరిందన్న వార్త చేరాలి.

ఇస్పేటు వైపు నుంచి వచ్చే అసలైన అభ్యంతరం ఇది: పార్ట్‌నర్‌కు నాలుగు ఇస్పేట్లు కూడా ఉంటే? ఒకచోట అయిదు, ఒకచోట మూడుగా ఉన్న ఆఠీన్ల కంటే నాలుగూ నాలుగుగా ఉన్న ఇస్పేట్లు మేలైన తురుపన్నది నిజమే. ఇస్పేటు తురుపైతే పార్ట్‌నర్ నాలుగో, అయిదో ఆఠీన్ల మీద మీ చేతిలోని పనికిరాని డైమన్లు పారేయొచ్చు. ఆఠీను తురుపైతే ఆ సౌకర్యం లేదు. చాలాసార్లు ఒక ట్రిక్కు తేడా వస్తుంది. దీన్ని తేలిగ్గా తీసేయకుండా లెక్కవేద్దాం. పార్ట్‌నర్‌కు సరిగ్గా అయిదు ఆఠీన్లున్నాయనుకుంటే మిగిలిన ఎనిమిది ముక్కలూ మనకు కనపడని 29 ముక్కల్లోంచి రావాలి. అందులో ఇస్పేట్లు 9. ఆ ఎనిమిదిలో సరిగ్గా నాలుగు ఇస్పేట్లు పడే అవకాశం నూటికి 14, అంటే సుమారు ఏడింట ఒకసారి. మిగిలిన ఆరుసార్లూ మనం ఇస్పేటు చూపించి సాధించింది ఏమీ ఉండదు, వేలంలో చోటు పోవడం తప్ప. ఆ ఏడోసారి కూడా దారి పూర్తిగా మూసుకుపోదు. పార్ట్‌నర్ బలంగా ఉండి గేమ్ (నాలుగు ఆఠీన్ల వంటి, పెద్ద బోనస్ వచ్చే కాంట్రాక్టు) కోసం ప్రయత్నిస్తే, రెండు ఆఠీన్ల మీద ‘రెండు ఇస్పేట్లు’ అంటారు. నాలుగు ముక్కలున్న మీరు దాన్ని అందుకోవచ్చు. పార్ట్‌నర్ బలహీనంగా ఉండి పాస్ అంటేనే ఇస్పేటు చేజారుతుంది. అప్పుడు పోయేది ఒక ట్రిక్కు, 30 పాయింట్లు. జట్ల పోటీలో అది 1 ఐఎంపీ. జోడీల పోటీలో మాత్రం 140కీ 110కీ మధ్య తేడాతో బల్లలన్నిటి కంటే కిందికి జారొచ్చు. అక్కడ ఇస్పేటు వైపు వాదనకు బరువు పెరుగుతుందని ఒప్పుకుంటాను. అయినా ఏడింట ఆరుసార్లన్న లెక్క అక్కడా మారదు, ప్రత్యర్థులు దూరే సందూ మారదు.

ఇక్కడ చరిత్ర కొంచెం తెలిసి ఉండాలి. పాత పుస్తకాలు చదివినవారికి ఈ సలహా తలకిందులుగా తోస్తుంది కాబట్టి. హెరాల్డ్ వాండర్‌బిల్ట్ 1925లో ఓడ ప్రయాణంలో కాంట్రాక్ట్ బ్రిడ్జ్ స్కోరింగ్‌కు రూపమిచ్చాక, 1930లో ఈలీ కల్బర్ట్‌సన్ ‘బ్లూ బుక్’ వచ్చాక, నాలుగు ముక్కల ఆఠీనుతో, నాలుగు ముక్కల ఇస్పేటుతో వేలం తెరవడం రివాజు. అప్పట్లో మూడు చిన్న ముక్కలు మద్దతు కిందికి వచ్చేవి కావు. రాణితో మూడో, జాకీ పదితో మూడో, లేదంటే నాలుగు చిన్నవో ఉండాలనేవారు. అవతల నాలుగే ఉండొచ్చన్నప్పుడు ఆ జాగ్రత్త సబబే. 1950ల్లో అమెరికాలో ఆల్విన్ రాత్ వంటివారు, కాప్లాన్–షైన్‌వోల్డ్ జంట, ఆఠీనుతోగానీ ఇస్పేటుతోగానీ తెరవాలంటే అయిదు ముక్కలుండాలన్న పద్ధతిని నిలబెట్టారు. దాంతో మన మూడు ముక్కల విలువ రాత్రికి రాత్రే మారిపోయింది. అవతల అయిదు, ఇవతల మూడు, మొత్తం ఎనిమిది. ప్రత్యర్థుల దగ్గరున్న అయిదూ 3–2గా చీలే అవకాశం 68 శాతం. ఇంగ్లండ్‌లో పుట్టిన ఎకోల్ పద్ధతిలో నాలుగు ముక్కలతో తెరవడం ఇంకా ఉంది. అది ఆడేవారు పై చేతితో ‘ఒక ఇస్పేటు’ అంటే తప్పు పట్టను. పార్ట్‌నర్ మొదటి మాట ఎంత హామీ ఇచ్చిందన్న దాన్ని బట్టే మన జవాబు ఉంటుంది.

అదే కారణంతో డైమన్లు, కళావర్ల సంగతి వేరు. పార్ట్‌నర్ ‘ఒక డైమను’ అన్నప్పుడు మీకు నాలుగు డైమన్లు, నాలుగు ఇస్పేట్లు ఉంటే ఇస్పేటే చెప్పాలి. అక్కడ పార్ట్‌నర్‌కు ఉన్నవి మూడో నాలుగో అయ్యుండొచ్చు. ట్రిక్కుకు 30 బదులు 20 వస్తుంది. గేమ్‌కు పదకొండు ట్రిక్కులు కావాలి. ఇందులో వివాదమేమీ లేదు.

వేలం తెరిచిన మనిషికి మాత్రం ఇదే ప్రశ్న తిరిగి ఎదురవుతుంది, అక్కడ పొరపాటు మరింత ఎక్కువ. మీ చేతిలో ఇస్పేటు రాజు, జాకీ, అయిదు. ఒంటరి ఆఠీను ఆరు. డైమన్లలో ఆసు, రాణి, ఎనిమిది, ఆరు, మూడు. కళావర్లలో రాజు, ఏడు, అయిదు, నాలుగు. ‘ఒక డైమను’ అన్నారు, పార్ట్‌నర్ ‘ఒక ఇస్పేటు’ అన్నారు. పార్ట్‌నర్ హామీ నాలుగు ముక్కలే కదా, మూడుతో మద్దతు ఎలా పలకను, రెండో సూట్ చూపిద్దామని ‘రెండు కళావర్లు’ అంటారు చాలామంది. అవతల అయిదు ఇస్పేట్లు, మూడు ఆఠీన్లు, రెండు డైమన్లు, మూడు కళావర్లతో 6 పాయింట్ల చేయి ఉందనుకోండి. ఆయన రెండు కళావర్లకు పాస్ అంటారు. ఎనిమిది ఇస్పేట్లు చేతుల్లో ఉంచుకుని ఏడు కళావర్లతో ఆడాల్సి వస్తుంది. ‘రెండు ఇస్పేట్లు’ అని ఉంటే? అవతల నిజంగానే నాలుగే ఉన్నాయనుకుందాం. అప్పుడు కూడా మీ ఒంటరి ఆఠీను పని చేస్తుంది: ఆఠీన్లను మూడు తురుపులున్న మీ వైపు కోస్తారు, నాలుగున్న వైపు చెక్కుచెదరదు. ప్రత్యర్థుల ఆరు ముక్కలు 4–2గా చీలే అవకాశమే ఎక్కువ, 48 శాతం. అయినా ఇలాంటి తురుపు చాలాసార్లు నిలబడుతుంది. దీన్ని ఎంతో ఇష్టంగా సమర్థించిన ‘ది బ్రిడ్జ్ వరల్డ్’ సంపాదకుడు సానీ మోయిజ్ పేరు మీదే నాలుగూ మూడూ తురుపును మోయిజియన్ అంటున్నారు. ఒంటరి ముక్క లేకుండా అన్ని సూట్లూ సమంగా ఉన్న చేయైతే మూడుతో మద్దతు పలకొద్దు. అక్కడ ‘ఒక నో ట్రంప్’ ఉండనే ఉంది.

మరి బలమైన చేయి? నా కొలమానం ఇక్కడే సొంత సూట్ వైపు మొగ్గుతుంది. 16 పాయింట్లుండి, ఆఠీన్లు మూడో నాలుగో ఉండి, డైమన్లలో ఆసు, రాజు, రాణితో అయిదు ముక్కలున్న మనిషికి మాటల కరువు లేదు. ‘రెండు డైమన్లు’ అంటే గేమ్ చేరేదాకా వేలం ఆగదని ఒప్పందం ఉన్న జోడీలో, ఆయన తొందరపడాల్సిన పని లేదు. డైమన్లు ముందు చూపి, రెండో వంతులో ఆఠీన్లకు మద్దతు పలికితే పార్ట్‌నర్‌కు ఒకేసారి రెండు విషయాలు తెలుస్తాయి: తురుపు కుదిరింది, ముక్కలు పారేసుకోవడానికి పక్కనే డైమన్ల వరుస ఉంది. స్లామ్‌లు (పన్నెండు, పదమూడు ట్రిక్కుల కాంట్రాక్టులు) ఆ వరుస మీదే నిలుస్తాయి. నాలుగు ఆఠీన్లుండి, చూపించాల్సిన రెండో సూట్ లేకపోతే ఆస్వాల్డ్ జాకోబీ పేరు మీద వాడుకలో ఉన్న ‘రెండు నో ట్రంప్స్’ ఉంది, ఒంటరి ముక్క ఉంటే మద్దతుతో పాటు దాన్నీ చూపే స్ప్లింటర్ బిడ్ ఉంది. ఇవన్నీ మద్దతు రూపాలే. బలమైన చేయి సొంత సూట్ చూపినా అది మద్దతును వాయిదా వేయడమేగానీ దాచడం కాదు. రెండో మాట ఖాయమన్న ధైర్యం ఉన్నవారికే ఆ వాయిదా చెల్లుతుంది.

10, 11 పాయింట్ల చేయి ఈ రెండిటికీ మధ్య పడుతుంది. దానికి రెండు మాటలు దక్కుతాయి, మూడు దక్కవు. మూడు ఆఠీన్లతో అంత బలముంటే ముందు ఇస్పేటో, ఫోర్సింగ్ (పార్ట్‌నర్ పాస్ అనకూడని) ‘ఒక నో ట్రంప్’ పద్ధతి ఆడేవారైతే అదో చెప్పి, రెండో వంతులో ‘మూడు ఆఠీన్లు’ అని దూకొచ్చు. ఆ దూకుడులో బలమూ మద్దతూ రెండూ ఉన్నాయి కాబట్టి రెండు ముక్కలతో చెప్పే మొహమాటపు ‘రెండు ఆఠీన్లు’గా ఎవరూ పొరబడరు. నాలుగు ఆఠీన్లే ఉంటే మాత్రం ఆ దారి కూడా వద్దు, మొదటి మాటలోనే మద్దతు పలకాలి.

ఇక నా వాదనకు అన్నిటికంటే గట్టి పరీక్ష పెట్టే చేయి చూద్దాం. ఇస్పేట్లు ఆసు, రాజు, జాకీ, పది. ఆఠీన్లు ఏడు, అయిదు, రెండు. డైమన్లు ఎనిమిది, ఆరు, నాలుగు, మూడు. కళావర్లు తొమ్మిది, అయిదు. ఇవీ 8 పాయింట్లే, కానీ అన్నీ ఇస్పేట్లలోనే పోగయ్యాయి. మద్దతేమో మూడు పొల్లు ముక్కలు, కల్బర్ట్‌సన్ కాలంలో ఎవరూ మద్దతుగా లెక్కించనివి. ఇస్పేటు చెప్పకపోతే, చివరికి ప్రత్యర్థులు కాంట్రాక్టు తీసుకున్నప్పుడు పార్ట్‌నర్ తప్పు సూట్‌తో ఆట మొదలుపెట్టొచ్చు. ఈ అభ్యంతరానికి బలముంది, జోడీల పోటీలో ఈ చేతితో ‘ఒక ఇస్పేటు’ అన్నవారితో నేను తగవు పడను. జట్ల పోటీలో మాత్రం ఇప్పటికీ ‘రెండు ఆఠీన్లే’ అంటాను. అవతల అయిదు ఆఠీన్లున్నాయని మాట ఇచ్చిన మనిషికి నా రాణి అక్కర్లేదు, నా మూడో ముక్క కావాలి. ఇస్పేటు ఆసు, రాజు ఎలాగూ ఆఠీన్ల కాంట్రాక్టులో రెండు ట్రిక్కులు తెస్తాయి, వాటి పేరు వేలంలో ఎత్తకపోయినా సరే.